పాస్ అని రాసిన చిన్న కాగితం

మా పాప ఆసుపత్రి ఫైలు ఒకటి చాలక ఇప్పుడు రెండయ్యాయి. స్కాన్ ఫిల్ములు, వారం వారం చేయించిన రక్తపరీక్షల రిపోర్టులు, కంటి డాక్టరుగారు రంగు పెన్సిళ్ళతో గీసిన రెటీనా బొమ్మలు అన్నీ వాటిలో ఉన్నాయి. అన్నిటిలోకీ చిన్నది బస్సు టికెట్టు కంటే కాస్త పెద్దదిగా ఉండే ఒక కాగితం. పాప పుట్టిన మూడో రోజున చెవుల పరీక్ష యంత్రం నుంచి వచ్చిన ఆ ముక్క మీద కుడి చెవి పాస్, ఎడమ చెవి పాస్ అని ఉంది. ఆ వారంలో పాప గురించి మేము విన్న మంచి మాట అదొక్కటే కనుక, దాన్ని ఫైలులో అన్నిటికంటే పైన పెట్టుకున్నాము. దాన్ని మేము తప్పుగా చదువుకున్నామని తెలియడానికి చాలా కాలం పట్టింది. కడుపులో ఉండగానే ఒక పరాన్నజీవి సోకడం వల్ల పుట్టుకతో టాక్సోప్లాస్మోసిస్ అనే వ్యాధి ఉన్న పిల్లల వినికిడి గురించి, మాట గురించి అప్పట్లో నేను తెలుగులో ఎంత వెతికినా పనికివచ్చేది దొరకలేదు. అందుకే మాకు తెలిసివచ్చినదంతా ఇక్కడ రాసిపెడుతున్నాను. నేను డాక్టరును కాను, బెంగళూరులో ఒక బ్యాంకులో పనిచేస్తున్న తల్లిని. చికిత్స విషయంలో మీ బిడ్డను చూసే డాక్టరుగారి మాటే మాట.

ఏడో నెల స్కానింగులో బిడ్డ మెదడులో తెల్లటి చుక్కలు కనిపించాయి. ఆ తరువాత నా రక్తపరీక్ష, ఉమ్మనీటి పరీక్ష చేసి, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి నా నుంచి బిడ్డకు సోకిందని తేల్చారు. పాప పుట్టాక ఎడమ కంటి రెటీనాలో, చూపుకు కీలకమైన నడిమి భాగంలోనే మచ్చ ఉందని తెలిసింది. కుడి కన్ను బాగానే ఉంది.

మా ఊరు హిందూపురం వైపు. విషయం తెలిసిన బంధువులందరూ అడిగిన మొదటి ప్రశ్న, "ఇంట్లో పిల్లిని పెంచినారా?" అని. మేము పిల్లిని పెంచలేదు. ఈ పరాన్నజీవి తన జీవితచక్రాన్ని పూర్తిచేసుకునేది పిల్లి పేగులోనే అన్నది నిజం. అయితే పిల్లి విసర్జించిన గుడ్లవంటి కణాలు మట్టిలో ఏడాదికి పైగా బతికి ఉండగలవు. అవి సరిగా కడగని ఆకుకూరల ద్వారా, నీటి ద్వారా, చేతికంటిన మట్టి ద్వారా, లేదా సరిగా ఉడకని మాంసంలో ఉండే తిత్తుల ద్వారా ఎవరి కడుపులోకైనా చేరవచ్చు. నాకు ఎక్కడ సోకిందో ఇప్పటికీ తెలియదు. తోపుడుబండి మీద కొన్న కొత్తిమీర కట్టలో ఉందో, ఊళ్ళో తిన్న చియ్యల కూరలో ఉందో ఎవరు చెప్పగలరు? సోకిన తల్లికి చాలాసార్లు జ్వరం కూడా రాదు. నాకూ రాలేదు. ఆ ఏడాదంతా నన్ను నేను నిందించుకుంటూ గడిపాను గనుక, ఇదే దారిలో ఉన్న తల్లులకు ఒక్క మాట చెబుతున్నాను: అది మీరు చేసిన తప్పు కాదు.

సోకిన సమయం చాలా ముఖ్యమని తరువాత చదివి తెలుసుకున్నాను. ఫ్రాన్సులోని లియాన్ నగరంలో వందల మంది గర్భిణులను గమనించి 1999లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, తల్లికి 13వ వారంలో సోకితే బిడ్డకు చేరే అవకాశం సుమారు 6 శాతం, 26వ వారంలో సోకితే 40 శాతం, 36వ వారంలో సోకితే 72 శాతం. హాని మాత్రం దీనికి తలకిందులుగా ఉంటుంది. తొలి నెలల్లో బిడ్డకు చేరడం అరుదు, చేరితే మాత్రం దెబ్బ గట్టిగా తగులుతుంది. చివరి నెలల్లో సోకిన పిల్లల్లో ఎక్కువమంది పుట్టినప్పుడు ఏ లక్షణమూ లేకుండా ఉంటారు. ఫ్రాన్సులో ఈ వ్యాధికి రక్షణ లేని గర్భిణులకు నెలనెలా పరీక్ష చేస్తారు. మన దేశంలో అందరికీ చేసే పద్ధతి లేదు. మాకు స్కానింగులో చుక్కలు కనిపించాయి కాబట్టి తెలిసింది, లేకపోతే తెలిసేదే కాదు.

పుట్టిన వారానికే మందులు మొదలై ఏడాదిపాటు సాగాయి. పైరిమెథమిన్, సల్ఫాడయజిన్, వాటితోపాటు ఫోలినిక్ యాసిడ్. మొదటి రెండు మందులు పరాన్నజీవిని ఆకలితో మాడుస్తాయి, కానీ మన ఎముక మజ్జను కూడా ఇబ్బందిపెట్టి తెల్లకణాలను తగ్గిస్తాయి. ఆ నష్టాన్ని పూడ్చడానికే మూడో మందు. చిన్నపిల్లలకు సరిపడే మోతాదు మాత్ర మాకు దొరకక పెద్దవాళ్ళ మాత్రనే డాక్టరుగారు చెప్పిన లెక్క ప్రకారం పొడిచేసి కలిపేవాళ్ళము. ప్రతి బుధవారం రక్తం తీసేవారు. ఆ బుధవారాల గురించి ఇంతకంటే రాయలేను.

చెవుల సంగతికి వస్తాను.

డిశ్చార్జి రోజున మాకు చెప్పిన మాట, "చెవులు బాగున్నాయి, వాటికోసం మళ్ళీ రానక్కరలేదు" అని. మేము సంతోషంగా నమ్మాము. పాపకు ఎనిమిదో నెల నడుస్తుండగా కంటి పరీక్షకు వెళ్ళినప్పుడు, ఆ డాక్టరుగారు కంటిలోకి చూస్తూనే, "చెవులు ఆఖరిసారి ఎప్పుడు చూపించారు?" అని అడిగారు. నేను ఫైలు తెరిచి ఆ చిన్న కాగితాన్ని చూపించాను. ఆయన దాన్ని ఒక్క క్షణం చూసి, "ఇది మూడో రోజు సంగతమ్మా. నేను అడిగేది ఇప్పటి సంగతి" అన్నారు.

పుట్టిన పిల్లలకు చేసే ఆ పరీక్షను ఓఏఈ అంటారు. చెవిలో చిన్న గొట్టం పెట్టి శబ్దం పంపితే, లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకొని ఉండే కాక్లియాలోని సన్నని రోమకణాలు బదులుగా ఒక మెల్లని ప్రతిధ్వనిని పంపుతాయి. యంత్రం దాన్ని పట్టుకుంటే పాస్ అంటుంది. అంటే ఆ రోజున, ఆ కణాల వరకు దారి బాగుందని మాత్రమే దాని అర్థం. అక్కడి నుంచి నాడి ద్వారా మెదడు కాండం దాకా శబ్దం సవ్యంగా చేరుతున్నదా లేదా అన్నది ఓఏఈకి తెలియదు. దాన్ని చూసే పరీక్ష వేరే ఉంది, బేరా. మెదడులో మచ్చలు ఉన్న బిడ్డ విషయంలో ఈ రెండో సగమే ముఖ్యమని నాకు ఎవరూ చెప్పలేదు, అడగాలని నాకూ తెలియలేదు.

ఈ వ్యాధి చెవిని ఎలా దెబ్బతీస్తుందో ఆ రాత్రి కూర్చొని చదివాను. మెదడులో గాయాలు మానినచోట సున్నం పేరుకొని, స్కానులో తెల్లచుక్కలుగా కనిపిస్తుంది. అటువంటి సున్నపు పోగులనే, ఈ వ్యాధితో చనిపోయిన శిశువుల లోపలి చెవిలో, కాక్లియా గోడను ఆనుకొని ఉన్న కణజాలంలో కూడా పరిశోధకులు చూశారు. చికిత్స లేని రోజుల్లో వినికిడి లోపం గణనీయంగా ఉండేది. ధైర్యం చెప్పే సంగతి కూడా అక్కడే దొరికింది. అంతవరకు వచ్చిన పరిశోధనలను కలిపి చూసిన ఒక సమీక్ష 2009లో వెలువడింది. రెండున్నర నెలల వయసులోపు చికిత్స మొదలుపెట్టి, ఏడాదిపాటు మందులు నిజంగా వాడారని రక్తపరీక్షల ద్వారా రుజువైన పిల్లల్లో ఈ వ్యాధి వల్ల వచ్చే నాడీ సంబంధమైన వినికిడి లోపం 0 శాతం. అదే చికిత్స రాసిచ్చినా, వాడారో లేదో రుజువు లేని పిల్లల్లో 12 శాతం. చికిత్స అరకొరగా జరిగిన లేదా అసలే జరగని పిల్లల్లో 28 శాతం. షికాగోలో 1981 నుంచి రీమా మెక్‌లాడ్ ఆధ్వర్యంలో ఇటువంటి పిల్లలను గమనిస్తున్న బృందం కూడా, ఏడాది చికిత్స పొందిన తమ పిల్లల్లో నాడీ సంబంధమైన లోపం కనిపించలేదని 1992లోనే రాసింది. ఆ మూడు అంకెలను నేను వంటింట్లో క్యాలెండరు మీద రాసుకున్నాను. పాప మందును ఉమ్మేసిన ప్రతిసారీ వాటిని చూసి, ఇంకోసారి కలిపి తాగించేదాన్ని.

అయితే సగటు లెక్క ఒక్క బిడ్డకు హామీ కాదు. అమెరికాలో శిశువుల వినికిడిపై మార్గదర్శకాలు ఇచ్చే సంయుక్త సంఘం, గర్భంలో టాక్సోప్లాస్మా వంటివి సోకిన పిల్లలు పుట్టినప్పుడు పాస్ అయినా సరే, 9 నెలల వయసులోపు వినికిడి నిపుణులైన ఆడియాలజిస్టు చేత పూర్తి పరీక్ష చేయించాలని 2019లో చెప్పింది. మేము సరిగ్గా ఆ గీత మీద ఉన్నాము.

బేరాకు బిడ్డ గాఢంగా నిద్రపోవాలి. నిద్ర మందు లేకుండా ప్రయత్నిద్దామని ఆడియాలజిస్టు అన్నారు. ముందు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, తెల్లవారుజామునే లేపి, దారిలో కునుకు తీయనివ్వకుండా తీసుకురమ్మన్నారు. మేము రామమూర్తినగర్ నుంచి జయనగర్ వెళ్ళాలి. ఆటో టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఆగిపోయింది. ఆగిన ఆటో ఇంజను అదురుకు పెద్దవాళ్ళకే కళ్ళు మూతలు పడతాయి. మా అమ్మ పాపను ఒడిలో నిలబెట్టుకొని, అరికాలు గిల్లుతూ, తడి గుడ్డతో మొహం తుడుస్తూ, "నిద్రపోవద్దు నా తల్లీ, ఇంకొంచెం సేపు" అని బతిమాలుతూనే ఉంది. జన్మలో పిల్లలను నిద్రపుచ్చడం తప్ప మేల్కొలిపి ఉంచడం ఎరగని మనిషి, ఆ గంటసేపు కన్నీళ్ళు పెట్టుకుంటూనే ఆ పని చేసింది. చీకటి గదిలో ఒళ్ళో వేసుకోగానే పాప రెండు నిమిషాలకే నిద్రపోయింది. నుదుటి మీద, చెవుల వెనక వైర్లు అంటించారు. తెర మీద గీతలు వణుకుతూ మొదలై, వందల టిక్కుటిక్కుల సగటు కుదురుతున్న కొద్దీ చిన్న చిన్న కొండల్లా తేలాయి. వాటిలో ఐదో కొండ ముఖ్యమట. శబ్దం తగ్గించుకుంటూ పోయినా ఆ కొండ ఎంతవరకు నిలబడుతుందో చూస్తారు. రెండు చెవులకూ 30 డెసిబెల్స్ దగ్గర కూడా అది నిలబడింది. ఆడియాలజిస్టు రిపోర్టు ఇస్తూ, "ఈ రోజుకు బాగుందమ్మా" అన్నారు. 'ఈ రోజుకు' అన్న మాటను ఒత్తి పలికారు. ఆరు నెలల తరువాతి తేదీని అక్కడికక్కడే రాసిచ్చారు.

వినికిడి బాగుంది కదా, ఇక మాటలు అవే వస్తాయని అనుకున్నాను. నా రెండో పొరపాటు అదే. రెండేళ్ళు నిండేనాటికి పిల్లలు సాధారణంగా కనీసం యాభై మాటలైనా అంటారు, రెండేసి మాటలు కలుపుతారు. మా పాపకు ఉన్నవి 14 మాటలు. కలపడం లేదు. మళ్ళీ చేసిన వినికిడి పరీక్షలు బాగానే వచ్చాయి. మరి ఎందుకు అని అడిగితే, స్పీచ్ థెరపిస్టు మా చేత ఒక పని చేయించారు. పాప ఎడమవైపు నేల మీద ఒక గిలక్కాయను పెట్టి, ఏమీ మాట్లాడకుండా చూడమన్నారు. పాప దాన్ని గమనించనేలేదు. కుడివైపు పెట్టగానే చెయ్యి చాచింది. "ఇంట్లో మీరు ఆమెకు ఎటువైపు కూర్చుంటారు?" అని అడిగారు. భోజనాల దగ్గర, ఆటల దగ్గర నేను ఎప్పుడూ ఎడమవైపే కూర్చుంటాను. కుడి చేత్తో తినిపించడానికి నాకు అదే వీలు.

అమ్మ ఒక వస్తువు వైపు చూడడం, బిడ్డ ఆ చూపు వెంట వెళ్ళి అదే వస్తువును చూడడం, అదే క్షణంలో దాని పేరు చెవిన పడడం, ఈ మూడూ ఒక్కచోట కలిసినప్పుడు మాట పుడుతుంది. మా పాపకు పేరు వినబడుతున్నది, కానీ వస్తువు కనబడడం లేదు. పైగా నేను చూపు తిప్పిన సంగతి కూడా తెలియడం లేదు. ఇక మెదడులోని మచ్చలు విన్న దాన్ని విడదీసి అర్థంచేసుకునే వేగాన్ని తగ్గిస్తాయి. బ్రెజిల్‌లో ఈ వ్యాధి ఎక్కువ. అక్కడి మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో పుట్టిన పిల్లలందరినీ పరీక్షించినప్పుడు సుమారు 770 మందిలో ఒకరికి ఉన్నట్టు, వాళ్ళలో 80 శాతం మందికి కంటిలో మచ్చలు ఉన్నట్టు తేలింది. ఆ రాష్ట్రంలోని పిల్లల వినికిడిని చూసినవారు, చెవి బాగుండి కూడా అక్కడినుంచి మెదడుకు వెళ్ళే దారిలో లోపం ఉన్న పిల్లలు కొందరు ఉన్నారని రాశారు. అంటే చెవి, కన్ను, మెదడు అని మేము మూడు విభాగాలకు మూడు వేరువేరు సమస్యలుగా మోసుకు తిరిగినవి, పాప నోట్లో మాట దగ్గరికి వచ్చేసరికి ఒక్కటే.

ఆ రోజు నుంచి నేను కుడివైపుకు మారాను. వెలుతురు నా ముఖం మీద పడేలా కూర్చోవడం, ముందు పేరుపెట్టి పిలిచి ఆగడం, వస్తువును చేతికి ఇచ్చి తడమనిచ్చి అప్పుడు దాని పేరు చెప్పడం నేర్చుకున్నాను. దోసె పోసేటప్పుడు పెనం చుయ్ మనగానే పాప తల తిప్పుతుంది. సరిగ్గా ఆ క్షణంలో "దోసె" అనాలి. ఒక సెకను ఆలస్యమైతే ఆమె దృష్టి ఇంకెక్కడికో పోతుంది. ఇంత చిన్న విషయంలో ఇంత కొలత ఉంటుందని నాకు తెలియదు.

ఇంతలో ఒక తప్పు జరిగింది. దాన్ని దాచకుండా రాయాలి. రెండేళ్ళ నాలుగు నెలలప్పుడు పాపను దగ్గరలోని ఒక ప్లేస్కూల్లో వేశాము. నెల తిరక్కుండానే, "మీ ఇంట్లో తెలుగు, ఆయమ్మది కన్నడ, ఇక్కడ ఇంగ్లీషు. మూడు భాషలతో పాప తికమక పడుతోంది, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి" అని చెప్పారు. మాటలు రాని బిడ్డ తల్లికి ఎవరు ఏం చెప్పినా వేదమే. మేము ఇంట్లో ఇంగ్లీషుకు మారిపోయాము. మా ఆయనా నేనూ ఎలాగో నెట్టుకొచ్చాము. మా అమ్మ సంగతి నేను ఆలోచించలేదు. పగలంతా పాపతో ఉండేది ఆమె, ఆమెకు వచ్చింది తెలుగు ఒక్కటే. "కమ్, సిట్, ఈట్" అని మూడు ముక్కలు నేర్చుకుంది. అంతకుముందు ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తున్నా, బట్టలు మడతపెడుతున్నా పాపతో ఎడతెగకుండా మాట్లాడుతూ ఉండేది. 'ఇది తాత పంచె, ఇది పాప గౌను, గౌనుకు గుండీ ఊడిపోయింది చూడు, ఎవరు పీకినారు, పాపే పీకింది' అంటూ సాగేది ఆ ధార. అది ఆగిపోయింది. ఒకరోజు నేను తొందరగా ఇంటికి వచ్చేసరికి ఇద్దరూ ఒకే చాప మీద, ఒకరి పక్కన ఒకరు, ఒక్క మాట లేకుండా కూర్చొని ఉన్నారు. నన్ను చూసి మా అమ్మ, "నాకు వచ్చేదాంట్లో మాట్లాడితే బిడ్డకు చెడుపంటిరి. రానిదాంట్లో ఏం మాట్లాడేది, మా?" అంది.

స్పీచ్ థెరపిస్టుది కోలారు. అక్కడివాళ్ళలో చాలామందికి ఉన్నట్టే, ఆమెకు కన్నడంతో పాటు తెలుగు కూడా ఇంటి భాషంత బాగా వచ్చు. ఈ సంగతి చెప్పగానే ఆమె చేతిలోని పెన్ను కింద పెట్టేశారు. రెండు మూడు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదని, ఆలస్యం ఉన్న బిడ్డకు కూడా ఇంటి భాష తీసేస్తే మేలు జరగదని, ఈ విషయంలో పరిశోధనలు స్పష్టంగా ఉన్నాయని చెప్పారు. "ఈ బిడ్డకు కావలసింది ఎక్కువ మాట, నిండు మాట, దగ్గరనుంచి మాట. ఆ మూడూ ఇవ్వగలిగిన మనిషి నోరు మీరు మూయించారమ్మా" అన్నారు. కోప్పడలేదు, నెమ్మదిగానే అన్నారు. ఆటోలో ఇంటికి వస్తూ నేను అమ్మకు ఫోన్ చేసి, "నువ్వు మాట్లాడుకోమ్మా, నీకు ఎట్లా వస్తే అట్లా" అన్నాను. అప్పటికి పది వారాలు పోయాయి.

ఆ వారమే ఒక రూళ్ళ నోటుబుక్కు పెట్టాను. తేదీ, పాప పలికిన మాట, ఆమె ఉద్దేశించినది, ఎవరి దగ్గర నేర్చుకున్నది అని నాలుగు గడులు. మూడో పేజీలో "ఆలు" అని ఉంది. పాప గ్లాసు చూపించి అన్నది కనుక 'పాలు' అని నేను రాసుకున్నాను, మొదటి హల్లు పలకలేకపోతున్నదని దిగులుపడ్డాను కూడా. థెరపిస్టు ఆ పేజీ చూసి, "పప్పు అంటుందా?" అని అడిగారు. అంటుంది. "పాప అంటుందా?" అంటుంది, స్పష్టంగా అంటుంది. "మరి 'ప' బాగానే పలికే పిల్ల పాలను మాత్రం ఆలు అని ఎందుకంటుంది?" అని అడిగి, నాకు తట్టేదాకా ఆగారు. పగలు పాపకు పాలు పట్టేది మా ఆయమ్మ, తుమకూరు నుంచి వచ్చిన అక్క. ఆమె కన్నడంలో "హాలు" అంటుంది. పాప పలికింది మన పాలు కాదు, ఆ హాలు. తెలుగులో 'ప' ఉన్న చోట కన్నడంలో 'హ' రావడం ఇంకా ఎన్నో మాటల్లో ఉంది: పులి, హులి, పువ్వు, హూవు, పల్లు, హల్లు. 'హ' మెత్తని ఊపిరి శబ్దం, మంచి చెవులున్న పిల్లలు కూడా చాలామంది వదిలేస్తారు. నేను లోపమని రాసుకున్నది నిజానికి ఇంకో భాషలో నేర్చుకున్న ఒక మాట. ఆ తరువాత తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడూ కలిపి లెక్కిస్తే పాప మాటలు నేను భయపడినదానికంటే పదకొండు ఎక్కువ ఉన్నాయి. రెండు భాషల ఇంట్లో పెరిగే బిడ్డ మాటలను ఒక్క భాషలో లెక్కపెట్టడం సగం సంపాదన లెక్కపెట్టడమే.

మూడేళ్ళ తరువాత పని మాటల నుంచి వాక్యాలకు మారింది. ఇక్కడ తెలుగులో ఒక చిక్కు ఉంది. మన భాషలో ఎవరికి, ఎవరితో, ఎక్కడ, దేని మీద అన్న సంబంధమంతా నామవాచకం తోకలోనే ఉంటుంది, క్రియ చివరికిగాని రాదు. 'సంచిలో పెట్టు', 'సంచి మీద పెట్టు', 'సంచి కింద పెట్టు' అన్న మూడు వాక్యాల్లోనూ మొదటిది, చివరిది ఒకటే, తేడా అంతా మధ్యలోని చిన్న ముక్కలో ఉంది. 'లో', 'కి', 'తో' వంటి ముక్కలను మనం మాటల్లో ఎంత తేలికగా, ఎంత వేగంగా దాటేస్తామో ఈ పాపకు నేర్పేదాకా నాకు తట్టలేదు. సంచి, బంతి ముందు పెట్టి ఏది చెప్పినా పాప బంతిని సంచిలోనే వేసేది. సంచి ఉన్నది వేయడానికే కాబట్టి ఊహించి చేసేది, విని కాదు. మేము ఊహకు అందని వాక్యాలు తయారుచేశాము. బంతిని చెప్పు కింద పెట్టాలి, గరిటెను దిండు మీద పెట్టాలి, అవ్వతో కాదు, అవ్వకి ఇవ్వాలి. మా అమ్మకు ఈ ఆట మహా ఇష్టం. "దువ్వెనను తాత జేబులో పెట్టు" అని ఆమే వాక్యాలు అల్లేది. 'లో'ను సాగదీసి, గొంతు కాస్త పెంచి పలకడం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

ఇంట్లో ఇన్ని నేర్చుకున్న పాప, స్కూల్లో మాత్రం టీచరు చెప్పినది అందుకోలేకపోయేది. చెవుల పరీక్షకు మళ్ళీ పరుగెత్తాము. ఆసారి నిజంగానే ఒక సంగతి బయటపడింది: జలుబు ముదిరి రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరింది. ఇది టాక్సోప్లాస్మోసిస్‌తో సంబంధం లేకుండా ఏ పిల్లలకైనా వచ్చేదే, షికాగో పిల్లల్లోనూ కనిపించినదే. అయితే అసలే నెమ్మదిగా నడిచే బండికి అది అదనపు బరువు. రెండు నెలల్లో ఆ నీరు తగ్గింది, వినికిడి మామూలు స్థాయికి వచ్చింది. అప్పటికీ గోల ఉన్న గదిలో పాప ఇబ్బంది తగ్గలేదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో 'చెప్పు కింద పెట్టు' అన్నది అందే పిల్లకు, ఫ్యాను, కుర్చీల చప్పుడు, ఇరవై మంది పిల్లల కేకల మధ్య ఆ 'కింద' అందదు. మాట్లాడేవాళ్ళకూ వినేవాళ్ళకూ మధ్య దూరం సగానికి తగ్గితే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుందని ఆడియాలజిస్టు చెప్పారు. ఆ ఒక్క అంకె పట్టుకొని నేను ఇప్పటి స్కూలు టీచరుగారిని కలిశాను. పాపను ముందు వరుసలో, టీచరుకు కుడి కన్ను ఎదురుగా ఉండేలా, కిటికీకి వీపు పెట్టి, ఫ్యానుకు దూరంగా కూర్చోబెట్టమని, ఏదైనా చెప్పేముందు పేరుపెట్టి పిలవమని అడిగాను. ఆమె నేల మీద సుద్దముక్కతో ఒక చిన్న గీత గీసి, పాప కుర్చీ అక్కడి నుంచి జరగకుండా చూసుకున్నారు. ఆ గీత చెరిగినప్పుడల్లా ఆమే మళ్ళీ గీస్తారట.

ఇంట్లో నేను వారానికొకసారి చేసే పరీక్ష ఒకటి ఉంది, ఏ తల్లైనా చేయవచ్చు. పాప వెనక మూరెడు దూరంలో కూర్చొని, నోటికి కాగితం అడ్డం పెట్టుకొని, మామూలు గొంతుతో ఆరు శబ్దాలను వరస మార్చి పలుకుతాను: ఆ, ఈ, ఊ, మ్, ష్, స్. డానియల్ లింగ్ అనే ఆయన రూపొందించిన పద్ధతి ఇది. ఊ, మ్ బొంగురు వైపు శబ్దాలు, స్ కీచు వైపుది, మిగిలినవి మధ్యలోవి. మాటల్లో మనకు కావలసిన శబ్దాల పరిధి అంతా ఈ ఆరింటిలో వస్తుంది. విన్నదాన్ని పాప తిరిగి అనాలి. ఒక వారం స్ అనలేదని వెంటనే భయపడను. మర్నాటి నుంచి రోజూ అడిగి చూసి, వరసగా రెండు మూడు రోజులు అనకపోతే మాత్రం ఆడియాలజిస్టుకు ఫోన్ చేస్తాను. ఇది ఆడియాలజిస్టు పరీక్షకు బదులు కాదు, రెండు పరీక్షల మధ్య కాపలా మాత్రమే.

పాపకు ఇప్పుడు ఐదున్నరేళ్ళు. ఏడాదికొకసారి చెవులు, ఆరు నెలలకొకసారి కళ్ళు చూపిస్తున్నాము. కంటిలోని పాత మచ్చ పక్కన ఏ వయసులోనైనా మళ్ళీ వాపు రావచ్చు కనుక కంటి పరీక్షకు ముగింపు తేదీ లేదు. నోటుబుక్కు నాలుగోది నడుస్తున్నది. మా అమ్మ పండగకని ఊరికి వెళ్ళింది. పోయిన ఆదివారం ఫోనులో పాప, "అవ్వా, బస్సులో వద్దు, రైల్లో రా. తాతతో రా" అన్నది. నేను పొయ్యి కట్టేసి ఆ మాటను అలాగే రాసుకున్నాను. రెండు 'లో'లు, ఒక 'తో', మూడూ వాటి వాటి చోట్ల ఉన్నాయి. అదే సాయంత్రం పక్కింట్లో పుట్టినరోజు పాటల హోరులో, రెండడుగుల దూరం నుంచి నేను మూడుసార్లు పిలిస్తేగాని ఆమె తిరిగి చూడలేదు. గోలలో మాటను విడదీసుకునే శక్తిని కొలిచే పరీక్షలను సాధారణంగా ఏడేళ్ళు నిండాకే చేస్తారు. దానికి ఇంకా ఏడాదిన్నర ఉంది, ఆ తేదీని కూడా ఆడియాలజిస్టు ఫైలు అట్ట మీద పెన్సిలుతో రాసి ఉంచారు.